ఇంజను విద్య: బడిలోనా, షెడ్డులోనా?

ఇటీవల చిత్తూరు నుండి ఒక గృహస్థుడు మా యింటికి వచ్చెను. పెండ్లి సంబంధము మాటాడవచ్చిన వానివలె చాలసేపు వానల సంగతియు మామిడి ధర సంగతియు చెప్పి, తుదకు అసలు మాటకు దిగెను. ఆయన కుమారుడు పదవ తరగతి ముగించినాడు. మందుడు కాడు, కాని పుస్తకము కంటె స్పానరు వానికి ప్రియము. పొరుగువారి పాత మోటారుసైకిలును విప్పి, రెండు నట్లు మిగిల్చి, ఎట్లో మరల నడిపించినాడట. ఇప్పుడు వానికొక కోరిక పుట్టినది. పందెపు బండ్లకు ఇంజన్లు కూర్చి, వానినుండి మామూలు కంటె ఎక్కువ బలము రాబట్టు విద్యను నేర్పు ప్రైవేటు బడి పరరాష్ట్రమున ఒకటి కలదు. అందు చేరెదనని పట్టు. రుసుము పెద్దది. మామిడితోట మీద మూడు లక్షలు అప్పు తెచ్చిన గాని కుదరదు. "ఆ చదువు గిట్టునా, అయ్యా?" అని ఆయన ప్రశ్న.

వెంటనే జవాబు చెప్పలేకపోతిమి. చెడిన రేడియో పెట్టెను విప్పి చూచిన కుర్రవాడు లేని యిల్లు మన శ్రోతలలో అరుదు గనుక, ఈ చిక్కు ఆయన ఒక్కనిది కాదు. యంత్రవిద్య బడిలో వచ్చునా, షెడ్డులో వచ్చునా, వచ్చినచో పెట్టిన డబ్బు తిరిగి వచ్చునా అను ప్రశ్న మన సీమలో ఇంజను అడుగుపెట్టిన నాటినుండి ఉన్నదే. ఆ చరిత్రను ఒకమారు తిరుగవేసినచో కొంత వెలుగు దొరకునని తోచినది.

చిత్తూరు జిల్లాను 1911లో, ఉత్తరార్కాటు, కడప జిల్లాలలోని కొన్ని తాలూకాలను కలిపి ఏర్పరచిరి. ఏరులున్నను ఏడాదిలో చాలకాలము వానిలో ఇసుకయే కనబడు సీమ ఇది. సేద్యమునకు చెరువును బావియు ఆధారము. బావికి కపిల కట్టి, ఎద్దులను ముందుకు వెనుకకు నడపి నీరు తోడుచుండిరి. ఇరువదవ శతాబ్ది తొలి సంవత్సరములలో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అను ఆంగ్ల ఇంజనీరు, ఆయిలు ఇంజనుతో బావినీరు తోడు పద్ధతిని మదరాసు రాజధానిలో ప్రయోగించి ప్రచారము చేసెను. ఇంజనుకు మేత అక్కరలేదు, నిజమే. కాని ఎద్దుకు జబ్బుచేసినచో చూచువాడు ప్రతి ఊరను ఉండెను. ఇంజనుకు జబ్బుచేసినచో చూచువాడు లేకుండెను. ఆ నాటి ఆయిలు ఇంజన్లలో కొన్నిటికి తలభాగమున నుండు ఇనుపబుడ్డిని దీపపు మంటతో ఎర్రగా కాచిన గాని ప్రాణము రాదు. ఎంతసేపు కాచవలెనో, ఎప్పుడు చక్రమును త్రిప్పవలెనో మన పల్లెవానికి ఏ బడియు చెప్పలేదు. ఇంజను బిగింపవచ్చిన మేస్త్రీ వెంట నాలుగు దినములు తిరిగిన పాలేరే ఆ ఊరికి ఇంజను డ్రైవరయ్యెను. షెడ్డు చదువునకు మన సీమలో పునాది అదియే.

తరువాతి పరీక్ష తిరుమల కొండ పెట్టినది. 1944 ఏప్రిల్ నెలలో మొదటి ఘాటురోడ్డును నాటి మదరాసు గవర్నరు సర్ ఆర్థర్ హోప్ ప్రారంభించెను. అంతవరకు యాత్రికులు మెట్లెక్కుటయో, డోలీలో కూర్చుండుటయో చేయుచుండిరి. క్రొత్తదారి పొడవు సుమారు 19 కిలోమీటర్లు, మలుపులు 36. తిరుపతి పట్టణము సముద్రమట్టమునకు సుమారు 500 అడుగుల ఎత్తునను, తిరుమల సుమారు 2,800 అడుగుల ఎత్తునను ఉన్నవి. దేవస్థానము వారే ఆ దారిన బస్సులు నడిపిరి. 1974లో రెండవ ఘాటురోడ్డు వచ్చినది; 1975లో బస్సుల నిర్వహణ రోడ్డు రవాణా సంస్థకు చేరినది.

చదునునేల మీద ఏండ్ల తరబడి దాచుకొన్న జబ్బును ఇంజను ఆ మలుపులలో పది నిమిషములలో బయటపెట్టును. కొండమీద గాలి పలుచన గనుక బండి లాగదని కొందరు డ్రైవర్లు చెప్పుదురు. లెక్క చూచినచో, వేయి అడుగులకు నూటికి సుమారు మూడు వంతుల చొప్పున, తిరుమల చేరునప్పటికి తగ్గు బలము నూటికి ఏడు వంతులు మాత్రమే. అసలు శత్రువు వేడి. క్రింది గేరులో ఇంజను వడిగా తిరుగును, బండి మెల్లగా నడచును. రేడియేటరుకు తగులవలసిన ఎదురుగాలి తగులదు. అరిగిన రింగుల సందున నూనె పైకి వచ్చి మండును. పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ కొంచెము ముందుగా పడునట్లు అమర్చి యున్నచో, బరువు మీద అది టకటక కొట్టుట మొదలుపెట్టును. చదునుమీద బండిని ఉరికించిన అమరికయే ఘాటులో పిస్టనుకు చేటు తెచ్చును. ట్యూనింగు అనగా బలము పెంచుటయే అనుకొన్న కుర్రవాడు అలిపిరి దాటిన తరువాత ఆ మాట మార్చుకొనును.

అదే యుద్ధకాలమున మరియొక చిత్రము జరిగినది. పెట్రోలు రేషనులో పడుటచే, మదరాసు రాజధానిలో బస్సులకు బొగ్గుపొయ్యిలు బిగించిరి. మన పెద్దలు చెప్పు బొగ్గుబస్సులు ఇవియే. చాలీచాలని గాలిలో మండిన బొగ్గునుండి పుట్టు వాయువు గొట్టములలో చల్లబడి, వడగట్టబడి ఇంజనులోనికి పోవును. తెల్లవారుజామున బస్సు కదలుటకు ముందు క్లీనరు చాలసేపు పంకా త్రిప్పుచు పొయ్యిని రాజవేయవలెను. ఇంతచేసినను ఇంజను తన బలములో మూడవవంతునకు తక్కువ గాకుండ పోగొట్టుకొనును. పోయినదానిలో కొంత తిరిగి రాబట్టుటకు ఉపాయములు లేకపోలేదు. ఆ వాయువు మెల్లగా మండును గనుక నిప్పురవ్వను ముందునకు జరుపవలెను. అది తేలికగా టకటక కొట్టదు గనుక సిలిండరులోని ఒత్తిడిని పెంచవలెను. నేడు పందెపు ఇంజన్ల బడులు నేర్పు విద్యకు మూలసూత్రములు ఇవియే. ఆనాడు పండ్ల బుట్టలతో, సంత మూటలతో నిండిన బస్సును తరువాతి ఊరికి చేర్చుటకు అక్కరకు వచ్చినవి. అయితే గురువు చూపిన పెట్రోలు అమరికను కంఠస్థము చేసి, కారణము ఎన్నడును అడుగని మేస్త్రీకి ఆ పాత గుర్తులు బొగ్గుబస్సు దగ్గర పనికిరాలేదు. కారణము తెలిసినవానికి అర పూట ప్రయోగము చాలెను.

ఈ సందర్భమున కోయంబత్తూరు జి.డి. నాయుడుగారిని తలచుకొనకుండ ముందుకు పోలేము. 1893లో కోయంబత్తూరు సమీపమున కలంగల్ గ్రామమందు, తెలుగు మాటాడు కుటుంబమున పుట్టిన దొరస్వామి నాయుడుగారికి బడి రుచింపలేదు, చిన్ననాడే మానివేసిరి. ఒక దొరగారి మోటారుసైకిలును చూచి మనసుపడి, హోటలులో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో ఒకదానిని కొని, దానిని పూర్తిగా విప్పి మరల కూర్చి పని నేర్చుకొనిరను కథ తమిళదేశమున చాలమందికి తెలిసినదే. 1920లో ఒకే ఒక బస్సుతో పొల్లాచ్చి–పళని దారిన వ్యాపారము మొదలుపెట్టిరి. యూనివర్సల్ మోటార్ సర్వీసు అను పేర అది పెద్ద బస్సు సంస్థగా పెరిగినది. షెడ్డు పక్షమువారికి ఇంతకంటె గొప్ప సాక్షి దొరకడు.

కాని కథ అక్కడ ఆగలేదు. నాయుడుగారి కృషితోను విరాళముతోను 1945లో కోయంబత్తూరున ఒక సాంకేతిక కళాశాల వెలసినది. దానికి పెట్టిన పేరు ఎవరిదనుకొందురు? మన ఘాటురోడ్డును ప్రారంభించిన ఆ ఆర్థర్ హోప్ గవర్నరుదే. నేడది ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా నడచుచున్నది. బడి మానిన నాయుడుగారే దానికి ప్రిన్సిపాలు! నాలుగేండ్ల చదువు విద్యార్థుల కాలమును వ్యర్థము చేయుచున్నదనియు, రెండేండ్లు చాలుననియు ఆయన వాదించిరి. ప్రభుత్వము ఒప్పుకొనలేదు. ఆయన పదవిని విడిచి, తాము నెలకొల్పిన సంస్థ ద్వారా నిరుద్యోగ యువకులకు వృత్తిశిక్షణ ఇప్పించిరి. 1974లో మరణించువరకు ఈ పట్టు విడువలేదు.

నాయుడుగారి మాటను మనవారు తరచుగా పొరపాటుగా ఉదాహరింతురు. ఆయన బడి వద్దనలేదు. బడిలో వ్యర్థముగా గడచు కాలము వద్దనిరి. బడి అక్కరలేనివాడైనచో తన సొమ్ముపెట్టి బడి కట్టించి యుండడు. మాకు తోచినంతలో, ఆయన ఒక్క విషయమున మాత్రము తన్ను తాను కొలబద్దగా పెట్టుకొనిరి. బండిని విప్పి, చూచి, దానంతట అది చెప్పుకొను రహస్యమును గ్రహించు కన్ను నూరుమందిలో ఒకనికి ఉండును. మిగిలిన తొంబదితొమ్మండుగురికి ఎవరో ఒకరు పక్కన నిలిచి, ఇది ఇట్లేల అయినదని చెప్పవలెను.

ఆ పనిని ప్రభుత్వము 1950లో చేపట్టినది. వృత్తి పనివారి శిక్షణ పథకము ఆ యేట మొదలైనది. 1956 నవంబరు 1న, ఆంధ్రప్రదేశ్ అవతరించిన దినముననే, ఆ శిక్షణ సంస్థల దైనందిన నిర్వహణ రాష్ట్రముల చేతికి వచ్చినది. ఐ.టి.ఐ. అనిన నేడు పల్లెలలోను తెలియును. మోటారు మెకానిక్కు శిక్షణ రెండేండ్లు, డీసెలు మెకానిక్కు శిక్షణ ఒక యేడు. 1961లో అప్రెంటిసుల చట్టము వచ్చినది. కర్మాగారములును రవాణా సంస్థలును కుర్రవారిని చేర్చుకొని, స్టైపెండు ఇచ్చి పని నేర్పవలెనని దాని సారాంశము. బడిని షెడ్డుతో ముడివేసిన చట్టమని దానిని మేము తలంతుము. 2019లో సవరించిన నియమములు ఐ.టి.ఐ. సర్టిఫికెట్టు గల అప్రెంటిసుకు నెలకు కనీసము 7,000 రూపాయలు నిర్ణయించినవి.

ఐ.టి.ఐ.లకు లోపములు లేకపోలేదు. విప్పి చూపుటకు పెట్టిన ఇంజను పలుచోట్ల వీథిలో తిరుగు ఇంజను కంటె ఒక తరము వెనుకటిది. విప్పి విప్పి దాని నట్ల మూలలు గుండ్రబడి యుండును. ఇరువదిమంది చుట్టు నిలిచి చూడగా ఒకడు స్పానరు పట్టుకొనును.

షెడ్డు సంగతి వేరు. తిరుపతి బస్సుస్టాండు చుట్టుప్రక్కలను, చిత్తూరు–వేలూరు దారిలోను షెడ్లలో పనిచేయు పాత మేస్త్రీలను చూచితిమి. స్క్రూడ్రైవరు కొనను ఇంజనుకు, పిడిని చెవికి ఆనించి, ఏ ట్యాపెట్టు వదులైనదో, ఏ బేరింగు అరిగినదో చెప్పుదురు. ప్లగ్గును ఊడదీసి దాని రంగును చూచి, నల్లని మసియైనచో పెట్రోలు ఎక్కువైనదనియు, తెల్లగా మాడియున్నచో తక్కువైనదనియు, కాఫీపొడి రంగైనచో సరియనియు నిర్ణయింతురు. ఆ చెవిని, ఆ కన్నును ఏ బడియు రెండేండ్లలో ఇవ్వలేదు. కాని అదే షెడ్డులో పిల్లవాడు మొదటి యేడు టీ తెచ్చుటకును, నట్లు కడుగుటకును సరిపోవును. మేస్త్రీ తెలిసినదంతయు చెప్పడు. చెప్పినచో ఎదుటి వీథిలోనే వీడు షెడ్డు పెట్టునని ఆయన భయము. అది నిరాధారము కూడ కాదు.

ఇక కొలత. ఒక సిలిండరులో పిస్టను కదలు చోటు 350 సి.సి., పైన మిగులు చోటు 50 సి.సి. అనుకొందము. మొత్తము 400ను 50గా నొక్కుచున్నది; అనగా ఎనిమిదింతలు. హెడ్డును లేతు మీద కొంచెము గీచి ఆ మిగులు చోటును 45కు తగ్గించినచో, 395ను 45గా నొక్కును, దాదాపు 8.8 ఇంతలు. అయిదు సి.సి.లకే ఇంత భేదము! షెడ్డులో "కొంచెము గీయించు" అందురు. ఎంత కొంచెము? ఆ కొంచెము హద్దు దాటినచో ఘాటులో టకటక, పిస్టనుకు బొక్క, గృహస్థునకు వేల రూపాయల ఖర్చు. బడిలో వాడు నేర్చుకొనునది ఆ కొంచెమును అంకెగా వ్రాయుట.

అయినచో పందెపు ఇంజన్ల బడియే మేలు గదా అని మా అతిథి అడిగెను. ఆ బజారు ఎంతటిదో చూడవలెను. మనకు దగ్గరలో మోటారు పందెములకు పాత నెలవు మదరాసునకు ఉత్తరమున నున్న షోలవరము. యుద్ధకాలపు విమానమార్గము మీద అక్కడ పందెములు నడచినవి. 1953లో ఏర్పడిన మదరాసు మోటారు స్పోర్ట్సు క్లబ్బు తరువాత ఇరుంగాట్టుకోట్టైలో ప్రత్యేక పందెపుబాటను నిర్మించుకొనినది. హోసూరులో, తెలుగు మాట చాలగా వినబడు ఆ ఊరిలో, టి.వి.ఎస్. సంస్థ 1982లో పందెముల బృందమును ఏర్పరచినది. కోయంబత్తూరున ఎస్. కరివర్ధన్ మారుతి 800 కారు ఇంజనుతో పందెపు బండ్లను తయారుచేసిరి; ఆయన పేరిట 2003లో అక్కడ పందెపుబాట వెలసినది. గౌరవింపదగిన చరిత్రయే. కాని ఈ స్థలములన్నిటిలో ఇంజను కూర్చుటయే జీవనోపాధిగా గలవారు కొలదిమంది. పైగా పలు పందెములలో అందరికిని ఒకే రకపు బండి ఇచ్చుట వాడుకయైనది. అక్కడ తోలువాని నేర్పుకు గాని ఇంజను కూర్చువాని నేర్పుకు చోటు లేదు.

పందెపుబాట వెలుపల చట్టము అడ్డు. 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, తయారుచేసినవారు ఇచ్చిన వివరములకు భిన్నముగా బండిని మార్చరాదనుచున్నది. 2019 సవరణ, అట్లు మార్చిన యజమానికి ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలలవరకు ఖైదు గాని విధించుటకు వీలు కల్పించినది. తిరుపతి వీథులలో గొట్టము మార్చి పిడుగులు కురిపించు మోటారుసైకిళ్లవారు ఇది వినియుండరు.

ఇంతలో ఇంజనే మారినది. 2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్. 6 నియమములు దేశమంతట అమలులోనికి రాగా, క్రొత్త మోటారుసైకిళ్లలో కార్బురేటరు పోయి, పెట్రోలును లెక్కకట్టి చిమ్ము ఎలక్ట్రానిక్ సాధనము వచ్చినది. జెట్టు మార్చుటలో నలువది యేండ్లు ఆరితేరిన చేయి దానిముందు ఊరకుండవలసినదే. 2022 సెప్టెంబరులో తిరుమల ఘాటులో విద్యుత్ బస్సులు ఎక్కసాగినవి. 36 మలుపుల దారిన ఇంజనే లేని బస్సు! బొగ్గుబస్సు నాటి మేస్త్రీకి కలిగిన కష్టమే నేటి మేస్త్రీకిని కలిగినది. మరల కారణము తెలిసినవాడే నిలిచెను. వేడి ఎక్కడ పుట్టునో, బలము ఎక్కడ నష్టపడునో తెలిసినవానికి మోటారైనను బ్యాటరీయైనను పూర్తిగా పరాయిది కాదు. ఇటు శ్రీసిటీలో 2016లో ఇసుజు కార్ఖానా తెరచిరి. అట్టి చోట్ల పందెపు ఇంజను నేర్పును అడుగరు, సర్టిఫికెట్టును, కొలత తెలిసిన చేతిని అడుగుదురు.

మా అతిథితో కాగితము మీద లెక్క వేసితిమి. మూడు లక్షలు, రెండు రూపాయల వడ్డీ. నెలకు వడ్డీయే 6,000. అసలు అట్లే ఉండును. ఐ.టి.ఐ. ముగించిన అప్రెంటిసు నెలకు తెచ్చునది 7,000. అనగా తోటమీద అప్పు తెచ్చి చదివిన కుర్రవాడు, చదువని సర్టిఫికెట్టువాని కంటె మొదటినెల నుండియే దాదాపు రెట్టింపు తెచ్చిన గాని వానితో సమానుడు కాడు. అంతటి జీతము ఇచ్చువారు ఎందరని ఆ బడివారిని అడిగి చూడుమంటిమి. మూడేండ్ల క్రిందట చదివినవారు ఇప్పుడెక్కడ నున్నారు? ఒక్కొక్క విద్యార్థి తన చేతులతో ఎన్ని ఇంజన్లను విప్పి, కొలిచి, కూర్చును? బలమును కొలుచు యంత్రము ఉన్నదా, ఉన్నచో దానిమీద ఒక్కొక్కనికి ఎన్ని గంటలు? ఆయన అక్కడికక్కడే టెలిఫోను చేసెను. మొదటి ప్రశ్నకు అటువైపున చాలసేపు మౌనము. తరువాత రుసుములో పదివేలు తగ్గింతుమను మాట వచ్చినది.

అట్లని ఆ విద్య వ్యర్థమని మేము చెప్పలేదు. రెండేండ్ల ఐ.టి.ఐ., ఒక యేడు అప్రెంటిసు పని గడచి, జీతము చేతికి వచ్చిన తరువాత, తన సొమ్ముతో ఆరువారముల కోర్సుకు పోవువానికి అది నిజముగా గిట్టవచ్చును. ఏమి అడుగవలెనో తెలిసి పోవును గనుక. పదునారేండ్లవానిని తోట తాకట్టుపెట్టి పంపుటకు మాత్రము మేము ఒప్పుకొనలేదు.

కుర్రవాడు ఐ.టి.ఐ.లో మోటారు మెకానిక్కు విభాగమున చేరినాడు. మా మీద కోపముగా ఉన్నాడట. చేరి రెండునెలలైనను ఒక్క ఇంజను చూపలేదనియు, పొద్దుగూకులు ఇనుపముక్కను ఆకురాయితో చదును చేయించుచున్నారనియు, అది నాలుగుమారులు వంకరపోయినదనియు తండ్రితో చెప్పుకొన్నాడు. ఆదివారములలో తిరుపతిలో ఒక షెడ్డుకు పోవుచున్నాడు. ఆ మేస్త్రీ వానికి టీ తెచ్చు పని తప్పించి, ప్లగ్గుల సందు సరిచేయు పని అప్పగించెనట. వీడు జేబులోనుండి గేజి తీసి కొలుచుటను చూచి మొదట నవ్వెననియు, తరువాత దానిని ఒకమారు ఇమ్మని అడిగెననియు వినికిడి.